వాల్‌చంద్ హీరాచంద్: అరువు నమూనాతో స్వదేశీ కారుకు పునాది

ముంబయి: ఒకే ఛాసిస్‌పై నాలుగు దేశాల్లో నాలుగు పేర్లతో కార్లు తయారు కావడం, ఒకే డీజిల్ ఇంజన్‌ను పరస్పరం పోటీపడే కంపెనీలు వాడుకోవడం నేటి మోటారు పరిశ్రమలో సర్వసాధారణం. ఈ పద్ధతి భారతదేశానికి ఆర్థిక సంస్కరణలతో వచ్చిందని చాలామంది భావిస్తారు. వాస్తవానికి దీనికి బీజం స్వాతంత్ర్యానికి పూర్వమే బొంబాయి శివారులోని కుర్లాలో పడింది. ఆ బీజం నాటిన వ్యక్తి వాల్‌చంద్ హీరాచంద్. ఓడ, విమానం, కారు మూడూ భారతీయుల చేతుల్లో తయారు కావాలని పట్టుబట్టి, మూడింటికీ కర్మాగారాలు నెలకొల్పిన పారిశ్రామికవేత్త ఆయన. వాటిలో రెండింటిని ప్రభుత్వం తీసుకుంది. మిగిలిన మూడవది పరాయి నమూనాలపై ఆధారపడి ఎదిగింది, చివరకు ఆ ఆధారంతోనే కుంగిపోయింది.

షోలాపూర్ నుంచి రైలు కాంట్రాక్టులకు

వాల్‌చంద్ 1882 నవంబరు 23న షోలాపూర్‌లో జన్మించారు. వారిది కథియవాడ్‌లోని వాంకానేర్ నుంచి వలస వచ్చిన దిగంబర జైన కుటుంబం. పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం కుటుంబ వృత్తులు. బొంబాయిలోని సెయింట్ జేవియర్స్ కళాశాలలోనూ, పుణెలోని దక్కన్ కళాశాలలోనూ చదివిన వాల్‌చంద్ పట్టా పుచ్చుకోకుండానే చదువు విరమించి వ్యాపారంలోకి వచ్చారు. అయితే దుకాణంలో కూర్చొని లెక్కలు చూసుకోవడం ఆయన స్వభావానికి సరిపడలేదు.

గతంలో రైల్వే గుమాస్తాగా పనిచేసిన లక్ష్మణరావు ఫాటక్‌తో భాగస్వామ్యం కుదుర్చుకొని బార్శీ లైట్ రైల్వేలో నిర్మాణపు పనులు చేపట్టారు. అనంతరం బొంబాయి, పుణె మధ్య భోర్ ఘాట్ సొరంగాల పనులు, బొంబాయి నగరానికి తాన్సా జలాలను చేరవేసే గొట్టపు మార్గం పనులు ఆయన సంస్థలకు దక్కాయి. పెద్ద పనులను గడువులోగా పూర్తి చేస్తాడన్న పేరు స్థిరపడింది. కొంతకాలం టాటాలతో కలిసి నడిచిన ఆయన నిర్మాణ సంస్థ 1935లో ప్రీమియర్ కన్‌స్ట్రక్షన్‌గా మారింది. తరువాతి కాలంలో కారుకు పెట్టిన ప్రీమియర్ అన్న పేరు మొదట వంతెనలు, సొరంగాలు కట్టిన సంస్థది.

పాత ఓడతో కొత్త పోరాటం

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి భారత తీరంలోని సరకు రవాణా దాదాపు యావత్తూ బ్రిటిష్ కంపెనీల గుత్తాధిపత్యంలో ఉండేది. 1919లో గ్వాలియర్ మహారాజుకు చెందిన లాయల్టీ అనే ఓడ అమ్మకానికి వచ్చిందని తెలిసిన వెంటనే వాల్‌చంద్ దానిని కొనడానికి పూనుకున్నారు. నరోత్తం మొరార్జీ, కీలాచంద్ దేవ్‌చంద్, లల్లూభాయి సామళదాస్‌లతో కలిసి సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించారు.

ఆ ఓడ కొత్తది కాదు. ఎంప్రెస్ ఆఫ్ ఇండియా పేరుతో కెనడా కంపెనీ ఒకటి దానిని పసిఫిక్ మహాసముద్రంలో నడిపింది. 1914లో గ్వాలియర్ సంస్థానం కొన్న తరువాత అది ఆసుపత్రి నౌకగా సేవలందించింది. ఆ పాత నౌకే 1919 ఏప్రిల్ 5న బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరింది. ఆ తేదీని 1964 నుంచి జాతీయ నౌకాయాన దినోత్సవంగా పాటిస్తున్నారు. లాయల్టీ ఎక్కువకాలం నిలవలేదు. 1923లో తుక్కు కింద పోయింది. కాని సింధియా కంపెనీ నిలిచింది.

బ్రిటిష్ కంపెనీలు ఊరుకోలేదు. భారతీయ సంస్థను రేవుల నుంచి తరిమివేయడానికి సరకు రవాణా చార్జీలను నష్టానికి సైతం వెరవకుండా తగ్గించాయి. చివరకు 1923లో కుదిరిన ఒప్పందం ప్రకారం సింధియా తీర రవాణాకే పరిమితమై, ఓడల సంఖ్యపై ఆంక్షలకు అంగీకరించవలసి వచ్చింది. ఆ ఒప్పందం నుంచి వాల్‌చంద్ ఒక పాఠం నేర్చుకున్నారు. ఓడ కొనుక్కున్నంత మాత్రాన చాలదు. ఓడను కట్టే యార్డు కూడా తమదై ఉండాలి. 1929లో నరోత్తం మొరార్జీ మరణానంతరం ఆయన కంపెనీ ఛైర్మన్ పదవిని చేపట్టి 1950 వరకు కొనసాగారు. ఈ మధ్యలో 1932-33లో భారత వాణిజ్య పారిశ్రామిక మండళ్ల సమాఖ్యకు అధ్యక్షులుగా కూడా వ్యవహరించారు.

కారు కోసం వెళ్లి విమానంతో తిరిగివచ్చి

మోటారు కారు తయారీ ఆలోచన వాల్‌చంద్ ఒక్కరిదే కాదు. మైసూరు మాజీ దివాన్, ప్రఖ్యాత ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య అప్పటికే ఈ విషయమై దేశమంతటా ప్రచారం చేస్తున్నారు. ఆయన 1935లో ఐరోపా, అమెరికాలలో పర్యటించి అక్కడి కార్ల కర్మాగారాలను పరిశీలించారు. భారతదేశంలో కారు తయారీ సాధ్యమేనని, అయితే తొలి సంవత్సరాలలో విదేశీ కంపెనీ సాంకేతిక సహకారం అనివార్యమని ఆయన నివేదిక సారాంశం. ఈ పథకానికి పెట్టుబడి సమకూర్చి కార్యరూపం ఇచ్చే బాధ్యతను వాల్‌చంద్ స్వీకరించారు.

అప్పటికి ఈ దేశంలో కార్లు తయారు కాకపోయినా అమరిక మాత్రం జరుగుతూ ఉండేది. ఫోర్డ్ 1926 నుంచి, జనరల్ మోటార్స్ 1928 నుంచి విడిభాగాలను పెట్టెలలో దించుకొని ఇక్కడ బిగించి అమ్ముతున్నాయి. ఇంజను, గేర్‌బాక్సు, ఇరుసు మొదలైన ముఖ్యభాగాలన్నీ విదేశాలవే. భారతీయ కార్మికుడికి దక్కినవి పానా, స్క్రూడ్రైవరు మాత్రమే. ఈ స్థితిని మార్చాలన్నదే వాల్‌చంద్ సంకల్పం.

1939లో ఆయన అమెరికా వెళ్లారు. ఫోర్డ్ సంస్థతో సంప్రదింపులు ఫలించలేదు. బ్రిటన్ మినహా బ్రిటిష్ సామ్రాజ్య దేశాలలో ఫోర్డ్ హక్కులు ఆ సంస్థ కెనడా శాఖ చేతిలో ఉండేవి. చివరకు క్రిస్లర్ కార్పొరేషన్ ముందుకు వచ్చింది. తన నమూనాలను, నక్షాలను ఇచ్చి శిక్షణలో తోడ్పడటానికి 1940లో ఒడంబడిక కుదిరింది.

ఆ అమెరికా పర్యటనలోనే మరొక మలుపు చోటు చేసుకుంది. పసిఫిక్ మీదుగా తిరిగి వస్తుండగా విమానాల తయారీదారు విలియం పాలీతో ఆయనకు పరిచయమైంది. ఆ పరిచయం ఫలితంగా మైసూరు ప్రభుత్వ భాగస్వామ్యంతో 1940 డిసెంబరు 23న బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ ఆవిర్భవించింది. 1941లోనే అక్కడ సిద్ధమైన హార్లో శిక్షణ విమానం గాలిలోకి ఎగిరింది. దాని నమూనా కూడా అమెరికాదే. యుద్ధం తీవ్రమవుతున్న తరుణంలో ప్రభుత్వం మొదట ఆ సంస్థలో వాటా తీసుకొని, 1942లో వాల్‌చంద్ వాటాను కూడా కొనివేసింది. నేటి హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు మాతృసంస్థ అదే.

విమానానికి దారి ఇచ్చిన బ్రిటిష్ ప్రభుత్వం కారుకు మాత్రం అడ్డు నిలిచింది. సహాయానికి సుముఖత చూపిన బొంబాయి రాష్ట్ర కాంగ్రెసు ప్రభుత్వం 1939లోనే రాజీనామా చేసింది. ఆ తరువాత మైసూరు సంస్థానం ముందుకు వచ్చినా కేంద్రం అనుమతి లభించలేదు. కారు తయారీ యుద్ధానికి అత్యవసరం కాదన్నది పాలకుల వాదన. అందువల్ల యంత్రాల దిగుమతికి అవకాశం లేకపోయింది. చేతిలో ఒడంబడిక ఉన్నా కర్మాగారం కాగితాలకే పరిమితమై పోయింది.

విశాఖ తీరంలో సింధియా

ఈ నిరాశల మధ్యనే తెలుగునేలపై ఆయన సంకల్పం ఒకటి రూపుదిద్దుకుంది. 1941 జూన్ 21న విశాఖపట్నంలో సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి డాక్టర్ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఏడాది తిరగకముందే 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపై బాంబులు కురిపించాయి. పనులకు ఆటంకం కలిగింది. అయినా వాల్‌చంద్ వెనుదిరగలేదు. 1948 మార్చి 14న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా 8,000 టన్నుల జలఉష జలప్రవేశం చేసింది. స్వతంత్ర భారతంలో నిర్మితమైన తొలి ఆధునిక సముద్ర నౌక అది. 1952లో ప్రభుత్వం ఈ కేంద్రంలో మూడింట రెండువంతుల వాటాను తీసుకొని హిందుస్థాన్ షిప్‌యార్డుగా మార్చింది. 1961లో పూర్తిగా జాతీయం చేసింది. విశాఖలో ఆ ప్రాంతాన్ని జనం నేటికీ సింధియా అనే పిలుస్తారు.

కుర్లాలో కార్ల కర్మాగారం

యుద్ధం ముగింపు దశకు చేరిన 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ నమోదయింది. కుర్లాలోని కర్మాగారం నుంచి 1947లో తొలి వాహనాలు వెలువడ్డాయి. ఇదే కాలంలో బిర్లాలు 1942లో స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్ బ్రిటన్‌కు చెందిన మోరిస్ నమూనాలను ఎంచుకుంది. మద్రాసులో అశోక్ మోటార్స్ ఆస్టిన్ కార్లతో 1948లో ప్రారంభమైంది. మహీంద్రాలు విల్లీస్ జీపును చేపట్టారు. దేశంలో మోటారు పరిశ్రమ యావత్తూ అరువు తెచ్చుకున్న నమూనాలపైనే పునాది వేసుకుంది.

క్రిస్లర్‌తో ఒడంబడిక వల్ల ప్రీమియర్‌కు ఒక ప్రత్యేక సౌలభ్యం కలిగింది. క్రిస్లర్ తన ప్లిమత్ కారునే ముందుభాగపు జాలీ, చిహ్నాలు, కొద్దిపాటి అలంకరణలు మార్చి ఎగుమతి దేశాలలో డాడ్జ్ కింగ్స్‌వే అనీ, డిసోటో డిప్లొమాట్ అనీ అమ్మేది. లోపలి ఛాసిస్, ఇంజను, తలుపులు, పైకప్పు ఒకటే. కుర్లాలో కూడా ప్లిమత్ సవోయ్, డాడ్జ్ కింగ్స్‌వే, డిసోటో డిప్లొమాట్ ఒకే కర్మాగారంలో తయారయ్యేవి. ట్రక్కులదీ అదే తీరు. డాడ్జ్, ఫార్గో, డిసోటో పేర్లు వేరైనా సామగ్రి దాదాపు ఒకటే. ఒకే యంత్రాల వరుసతో ముగ్గురు డీలర్లను పోషించవచ్చు. కొనుగోలుదారులు తక్కువగా ఉన్న దేశంలో ఇది చిన్న లాభం కాదు.

ఈ పద్ధతిలోని ఆర్థిక సూత్రం సరళమైనది. కారులో అత్యధిక వ్యయం పైకి కనిపించే రేకులది కాదు. ఛాసిస్‌కు, ఇంజనుకు, గేర్‌బాక్సుకు అవసరమైన అచ్చులు, ప్రెస్సులు, పరీక్షలు కోట్లాది రూపాయలు మింగుతాయి. ఆ ఖర్చును కొన్ని వేల కార్లపై మాత్రమే పంచితే కారు ధర ఆకాశాన్ని అంటుతుంది. లక్షల కార్లపై పంచితే అందుబాటులోకి వస్తుంది. అయితే అచ్చు ఎవరి చేతిలో ఉంటే నిర్ణయం వారి చేతిలో ఉంటుంది. ప్రీమియర్ చరిత్ర యావత్తూ ఈ రెండవ సత్యానికి నిదర్శనం.

డీజిల్ విషయంలోనూ ఇదే జరిగింది. బ్రిటన్‌లోని పీటర్‌బరోలో రూపొందిన పెర్కిన్స్ పి-6 డీజిల్ ఇంజన్‌ను అనేక ట్రక్కు కంపెనీలు తమ వాహనాలకు బిగించుకున్నాయి. మద్రాసులోని సింప్సన్ సంస్థ పెర్కిన్స్ లైసెన్సుతో డీజిల్ ఇంజన్ల తయారీ చేపట్టింది. కుర్లా ట్రక్కుల్లోనూ పెర్కిన్స్ ఇంజన్లు చోటు చేసుకున్నాయి. అమెరికా ఛాసిస్, బ్రిటిష్ ఇంజన్, భారతీయ శ్రమ కలిసిన ట్రక్కులు దేశపు రహదారులపై సరకులు మోశాయి. 1951లో ఏర్పడిన మైకో సంస్థ జర్మనీకి చెందిన బాష్ పరిజ్ఞానంతో ఇంధన పంపుల తయారీ చేపట్టగా, 1954లో టాటాలు మెర్సిడెస్ బెంజ్ సహకారంతో డీజిల్ ట్రక్కులు ప్రవేశపెట్టారు.

నిష్క్రమణ

1949లో వాల్‌చంద్‌కు పక్షవాతం వచ్చింది. 1950లో వ్యాపార బాధ్యతల నుంచి వైదొలగారు. భార్య కస్తూర్‌బాయి పరిచర్యలో శేషజీవితం గడిపిన ఆయన గుజరాత్‌లోని సిద్ధపూర్‌లో 1953 ఏప్రిల్ 8న కన్నుమూశారు. సాంగ్లీలోని ఇంజినీరింగ్ కళాశాలకు 1955లో ఆయన పేరు పెట్టారు. 2004లో తపాలా శాఖ ఆయన స్మారకార్థం బిళ్ల విడుదల చేసింది.

ఆయన కోరిన విధానం ఆయన మరణించిన ఏడాదే అమలులోకి వచ్చింది. టారిఫ్ కమిషన్ సిఫారసుల మేరకు, విడిభాగాలను క్రమంగా ఇక్కడే తయారు చేసే ప్రణాళిక లేని కంపెనీలు తమ అమరిక కేంద్రాలను మూసివేయాలని 1953లో ప్రభుత్వం ఆదేశించింది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ దేశం విడిచి వెళ్లాయి. ప్రీమియర్, హిందుస్థాన్ మోటార్స్ వంటి కొద్ది సంస్థలకే మార్కెట్ దక్కింది. తనకు సహకారం నిరాకరించిన కంపెనీ నిష్క్రమించడాన్ని చూడటానికి వాల్‌చంద్ లేరు.

రక్షణే బంధనమైన వేళ

పెద్ద అమెరికా కార్ల కంటె చిన్న ఐరోపా కారు భారతీయులకు అనుకూలమని గ్రహించిన ప్రీమియర్ ఇటలీకి చెందిన ఫియట్‌తో ఒప్పందం చేసుకుంది. 1953లో ఐరోపాలో విడుదలైన ఫియట్ 1100ను మరుసటి ఏడాదే కుర్లాలో చేపట్టింది. 1,089 సీసీ ఇంజనుతో వచ్చిన ఆ కారు ఇటలీలో 1969తో ముగిసింది. ఇక్కడ మాత్రం ప్రీమియర్ ప్రెసిడెంట్‌గా, ఆ తరువాత ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకొని శతాబ్ది చివరి వరకు కొనసాగింది.

పోటీ లేదు. విదేశీ మారకద్రవ్యం కొరత. ఏటా ఎన్ని కార్లు తయారు చేయాలో లైసెన్సులే నిర్ణయించేవి. కారు కోసం సంవత్సరాల తరబడి ఎదురుచూసే కొనుగోలుదారుడు ఉన్నంతవరకు కొత్త నమూనాపై పెట్టుబడి పెట్టవలసిన అగత్యం కంపెనీకి కలగలేదు. అరువు తెచ్చుకున్న నమూనాను ఆధారంగా చేసుకొని సొంత నమూనాకు ఎదగాలన్న తొలి ఆశయం అక్కడ ఆగిపోయింది.

1983లో మారుతి రాకతో పరిస్థితి తలకిందులైంది. ప్రీమియర్ మళ్లీ బయటి దేశాల వైపే చూసింది. 1985లో వచ్చిన ప్రీమియర్ 118 ఎన్ఈ కారు శరీరం ఫియట్ 124ది, అచ్చులు స్పెయిన్‌లోని సియాట్ సంస్థవి, ఇంజను జపాన్‌కు చెందిన నిస్సాన్‌ది. సంస్కరణల అనంతరం 1994లో ఫ్రాన్స్ సంస్థ ప్యూజోతో కలిసి కళ్యాణ్‌లో ప్యూజో 309 తయారీ ప్రారంభించింది. కార్మిక వివాదాలు, సరఫరా ఇబ్బందుల నడుమ కొద్ది ఏళ్లకే ఆ భాగస్వామ్యం ముగిసింది. ఫియట్‌తో సంయుక్త సంస్థ క్రమంగా ఫియట్ చేతికే వెళ్లిపోయింది.

కారు పోయినా ఇంజన్ మిగిలింది. ప్యూజో 309లోని 1.5 లీటర్ల డీజిల్ ఇంజన్‌ను మారుతి దిగుమతి చేసుకొని 1998లో జెన్, ఎస్టీమ్ కార్లకు బిగించింది. ఆ వరుసకు చెందిన ఇంజనుతోనే ప్రీమియర్ 2009లో రియో అనే వాహనాన్ని విడుదల చేసింది. రియో నమూనా జపాన్‌కు చెందిన డైహత్సుది. చైనాకు చెందిన జోటై ద్వారా అది ఇక్కడికి చేరింది. 2012లో దానికే ఫియట్ 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఇంజన్‌ను కూడా అమర్చారు.

ఆ మల్టీజెట్ కథ ఈ పద్ధతికి పరాకాష్ఠ. 2003లో ఐరోపాలో ఫియట్, జనరల్ మోటార్స్ ఉమ్మడి సంస్థ నుంచి వెలువడిన ఆ ఇంజన్ పోలండ్‌లో తయారై అనేక దేశాల కార్లలోకి చేరింది. భారతదేశంలో సుజుకి లైసెన్సు తీసుకొని మనేసర్‌లో తయారు చేయగా, ఫియట్, టాటాల ఉమ్మడి కర్మాగారం పుణె సమీపంలోని రంజన్‌గావ్‌లో తయారు చేసింది. స్విఫ్ట్‌కూ, ఇండికా విస్టాకూ, ఫియట్ పుంటోకూ గుండె ఒకటే అయింది. అందువల్లనే దానికి దేశపు జాతీయ ఇంజన్ అన్న ముద్దుపేరు వచ్చింది. 2020 ఏప్రిల్‌లో కఠినతరమైన భారత్ స్టేజ్-6 ఉద్గార ప్రమాణాలు అమలులోకి రావడంతో ఆ ఇంజన్ తెరమరుగైంది. ఆ చిన్న ఇంజన్‌ను కొత్త ప్రమాణాలకు మార్చడానికి అయ్యే వ్యయం గిట్టుబాటు కాదని కంపెనీలు తేల్చుకున్నాయి. ఒకే ఇంజన్‌పై అందరూ ఆధారపడినప్పుడు అది ఆగితే అందరికీ ఒకేసారి ఆగిపోతుంది.

లెక్కలో మిగిలినది

2023 అక్టోబరు చివరలో ఇరవై ఏళ్ల పరిమితి నిబంధన మేరకు చివరి పద్మిని టాక్సీ ముంబయి వీధుల నుంచి వైదొలగింది. 2021లోనే ప్రీమియర్ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

ఈ ఫలితాన్ని బట్టి వాల్‌చంద్ ఎంచుకున్న మార్గమే తప్పని తీర్పు చెప్పడం న్యాయం కాదు. 1940లో ఈ దేశానికి ఇంజను పోతపోసే నైపుణ్యం గాని, అందుకు తగిన ఉక్కు గాని, గేర్లు కోసే యంత్రాలు గాని సమృద్ధిగా లేవు. అరువు నమూనా తప్ప గత్యంతరం లేదు. జపాన్, కొరియా కంపెనీలు కొన్ని సైతం ఐరోపా, అమెరికా నమూనాల లైసెన్సులతోనే ఆరంభించాయి. తేడా ఆ తరువాతి అడుగులో ఉంది. అవి కొన్ని సంవత్సరాలలోనే అరువు నమూనాను విప్పి, నేర్చుకొని, సొంత నమూనాకు మళ్లాయి. భారతీయ కంపెనీ సొంత పథకంగా రూపొందించిన ఇండికా కారు రావడానికి 1998 వరకు వేచి ఉండవలసి వచ్చింది. దాని రూపకల్పనలోనూ ఇటలీ సంస్థ సహాయం ఉంది.

అయితే కుర్లా కర్మాగారం చుట్టూ, ఉత్తర్‌పారా చుట్టూ, మద్రాసు చుట్టూ పుట్టిన విడిభాగాల పరిశ్రమ వృథా పోలేదు. పిస్టన్లు, రేడియేటర్లు, ఇంధన పంపులు, గేర్లు తయారు చేయడం నేర్చిన ఆ చిన్న సంస్థల వారసులే తరువాతి కాలంలో ప్రపంచ కార్ల కంపెనీలకు సరఫరాదారులయ్యారు. సొంత ఇంజను ఉన్నవాడికే సొంత నిర్ణయం ఉంటుందన్న విషయాన్ని సింధియా కంపెనీ చేదు ఒప్పందం 1923లోనే వాల్‌చంద్‌కు నేర్పింది. ఆయన పెట్టిన కార్ల కంపెనీ మాత్రం ఆ పాఠాన్ని మరచింది. విద్యుత్ కార్ల యుగంలో బ్యాటరీకి, మోటారుకు ఎవరి నమూనాను ఆశ్రయించాలన్న ప్రశ్న ఎదురైన భారతీయ కంపెనీలకు ఆయన జీవితం మిగిల్చిన హెచ్చరిక ఇదే.